మామా, మన దగ్గర సీజను ఎప్పుడు?



సంక్రాంతికి మా చెల్లెలి కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. ఉండేది టెక్సాసు రాష్ట్రంలో. అక్కడ సెలవుదినాల్లో తుపాకి పట్టుకొని వేటకు పోతాడు. ఈ మాట విన్నప్పటి నుంచి మా చెల్లెలు నెత్తి కొట్టుకుంటూనే ఉంది. నాకు మాత్రం కుతూహలం కలిగి, నీ వేట సంగతేమిటో చెప్పరా అని అడిగాను. వాడు ఫోను తీసి ఒక పట్టిక చూపించాడు. అది పంచాంగం లాగే ఉంది. సెప్టెంబరు 1న గువ్వలతో ఏడాది మొదలు. అంతకు ముందురోజు, అంటే ఆగస్టు 31న, పాత లైసెన్సు గడువు తీరుతుంది. నవంబరు మొదటి శనివారం తెల్లతోక జింకలకు తుపాకి వేట మొదలు. వసంతంలో టర్కీ కోళ్లు. 1971 సెప్టెంబరు 2 నాడో ఆ తర్వాతో పుట్టినవాడైతే వేటను గురించిన పాఠాలు చదివి ఉత్తీర్ణుడు కావాలట. వేటకూ ఒక బడి, ఒక పరీక్ష! ముప్పై ఏళ్లకు పైగా పరీక్షలు పెట్టి బతికినవాణ్ణి కనుక ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. అడవిపందులకు మాత్రం అక్కడ కాలమూ లేదు, నియమమూ లేదు. ప్రైవేటు భూముల్లో వాటిని కొట్టడానికి 2019 నుంచి లైసెన్సు కూడా అక్కరలేదట.

అంతా చెప్పి వాడు అడిగాడు: "మామా, మన దగ్గర సీజను ఎప్పుడు?"

"రేపే" అన్నాను. మరునాడు కనుమ.

వాణ్ణి వెంటబెట్టుకొని నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్లాను. కనుమనాడు అక్కడ పారువేట మొదలవుతుంది. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహస్వామి, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదస్వామి ఒకే పల్లకిలో కొలువుదీరి వేటకు బయలుదేరతారు. చెంచులు విల్లంబులతో వచ్చి పల్లకి వైపు బాణాలు వేస్తారు. స్వామి తమ ఆడపడుచు చెంచులక్ష్మిని పెండ్లాడిన అల్లుడు కదా, బావతో ఆ మాత్రం సరసం చెల్లుతుంది. అక్కడి నుంచి బోయీల భుజాల మీద ముప్పైకి పైగా ఊళ్లు, నలభై రోజుల పైచిలుకు. స్వామి ఊరికి వచ్చిన రోజే ఆ ఊరికి పండుగ. ఆడబిడ్డలు పుట్టిళ్లకు వస్తారు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల వేళకు స్వామి మళ్లీ కొండకు చేరుకుంటాడు. తిరుమలలోనూ పారువేట ఉంది కాని అది ఒక్క పూట ముచ్చట. మన స్వామిది నెలన్నర వేట.

"పాఱు" అంటే పరుగెత్తు అని మన నిఘంటువుల అర్థం. పాఱే మృగాన్ని తఱుముతూ పోయేది కనుక పారువేట అయిందేమోనని నా ఊహ. సంస్కృతంలోనూ ఇంతే. "మృగ" ధాతువుకు వెదకుట అని అర్థం. వెదకబడేది మృగం, వెదకడం మృగయ. చంపడం అనే అర్థం ఆ మాటలో ఎక్కడా లేదు. సాయంత్రం దాకా తిరిగాక మా అల్లుడు "మామా, ఇంతకూ ఏమి కొట్టారు?" అని అడిగితే ఈ వ్యుత్పత్తి చెప్పాను. వాడు నవ్వాడు. తెలుగు పండితుడు మేనమామ అయితే ఇలాంటివి తప్పవు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. మనకూ ఒకప్పుడు సీజను ఉండేది. కర్నూలు జిల్లా మదరాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1912లో, అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం వచ్చింది. ఏ జంతువును ఏ నెలల్లో చంపకూడదో ప్రభుత్వం ప్రకటించవచ్చునని అది చెప్పింది. మొదటిసారి తప్పు చేస్తే జరిమానా యాభై రూపాయలకు మించదు. ఆత్మరక్షణకో ఆస్తి రక్షణకో చంపితే తప్పు లేదు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కూడా మొదట లైసెన్సులు ఉండేవి. పెద్ద జంతువులకు ఒకటి, చిన్నవాటికి ఒకటి, వలపన్ని పట్టడానికి మరొకటి. 1991 సవరణతో అవన్నీ పోయాయి. పట్టికలలోని జంతువులను వేటాడటం ఏడాది పొడుగునా నేరమే. ఆ చట్టంలో వేట అనే మాటకు అర్థం కూడా మన మృగయ అంత విశాలమైనది. చంపడమొక్కటే కాదు, ఉచ్చు పన్నడం, ఎర పెట్టడం, తఱమడం, ఆఖరికి గూడు చెదరగొట్టడం కూడా వేటే. పండుగ పేరుతో కుందేలును వదిలి, ఊరంతా కట్టెలు పట్టుకొని వెంటపడే చోట్లు ఇంకా ఉన్నాయి. దేవుడి పేరు చెప్పినా అది నేరమే, ఆపవలసిందే. పల్లకిలోని స్వామి ఏ కుందేలునూ అడగలేదు.

ఈ నిషేధం ఊరికే రాలేదన్నది కూడా చెప్పాలి. మన జిల్లాలోనే రోళ్లపాడు ఉంది. 1988లో బట్టమేకపిట్ట కోసమే దాన్ని అభయారణ్యం చేశారు. ఆ పిట్టను చూడాలని ఉద్యోగకాలంలో ఒకసారి పిల్లలను తీసుకొని వెళ్లాను. గడ్డిలో మనిషి నడుము ఎత్తున నిలబడి మెడ తిప్పి చూసింది. ఇప్పుడు ఎవరైనా అక్కడికి వెళ్తే జింకలను చూసి తిరిగి వస్తున్నారు. కనుక తుపాకుల వాళ్లకు మళ్లీ సీజను తెరవాలని నేను చచ్చినా అనను. మా అల్లుడి పట్టిక టెక్సాసుకు చెల్లవచ్చు, నల్లమలకు చెల్లదు. ఇక్కడ పందీ దుప్పీ పులికి కూడు.

అయితే ఏడాది మొత్తానికి ఒకే గీత గీసిన తర్వాత, ఆ గీతకు ఇవతల మిగిలిపోయిన ఇద్దరు మనుషుల గురించే నా బాధ.

మొదటివాడు చెంచు. నేను పనిచేసిన ఒక బడిలో గూడెం నుంచి వచ్చే పిల్లవాడు ఒకడు ఉండేవాడు. ఏడవ తరగతి. "నాకు నచ్చిన పండుగ" అని వ్యాసం రాయమంటే అందరూ దీపావళి రాశారు, వాడు పారువేట రాశాడు. "మా బావ పల్లకిలో పోతాడు. మా నాయన బాణం వేస్తాడు. ఆ రోజు ఉడుము కూర తింటాము" అని రాశాడు. ఎంత చక్కని వాక్యాలు! చివరి వాక్యాన్ని మాత్రం నేను ఎర్రసిరాతో కొట్టివేశాను. వ్యాసంలో ఇటువంటివి రాయకూడదని పక్కన సూచన కూడా రాశాను. రెండేళ్ల తర్వాత ఆ పిల్లవాడి తండ్రిని ఉడుముతో పట్టుకున్నారు. ఉడుము మొదటి పట్టికలోనిది, పులికి ఎంత శిక్షో దానికీ అంతే, మూడేళ్లకు తక్కువ కాని జైలు. కేసు ఏళ్ల తరబడి నడిచింది. పిల్లవాడు బడి మానేశాడు. నా ఎర్రసిరా గీతకూ ఆ కేసుకూ సంబంధమేమీ లేదని నాకు తెలుసు. తెలిసినా ఆ నోటుపుస్తకం గుర్తుకు వస్తూనే ఉంటుంది.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు ఎంతో సంతోషించాను. తేనె, దుంపలు, చిల్లర అటవీ ఫలాలు, సాగు భూమి, సంప్రదాయంగా అనుభవిస్తున్న హక్కులు అన్నిటినీ అది గుర్తించింది. ఆ వాక్యం చివరనే, వేటాడే హక్కు తప్ప అని మినహాయించింది. అక్కడా ఎర్రసిరాయే. చెంచుల బతుకులో వేట కంటె దుంపలు తవ్వడం, పండ్లు ఏరుకోవడమే పెద్దది. వాళ్ల మధ్య తిరిగి 1943లో పుస్తకం ప్రచురించిన హైమెండార్ఫ్ కూడా ఈ సంగతి గమనించాడు. నల్లమలను ఖాళీ చేసింది వాళ్ల విల్లు కాదు. చెంచుకు సందు ఇస్తే వాడి వెనుక చర్మాల వర్తకుడు దూరతాడని అటవీ ఉద్యోగి అయిన మిత్రుడొకరు నాతో వాదించారు. ఆ భయం అబద్ధం కాదు. కాని కూటికి ఒక ఉడుమును పట్టినవాణ్ణీ, గోళ్లూ చర్మమూ అమ్మినవాణ్ణీ ఒకే గాటన కట్టే చట్టం అడవిని ఎరిగినది కాదని నా అభిప్రాయం. శిక్షలోనైనా ఆ తేడా ఉండాలి.

రెండవవాడు కొండపాదంలోని రైతు. మన ప్రబంధాలలో వేట ఎలా మొదలవుతుందో జ్ఞాపకం చేసుకోండి. రాజుకు పొద్దుపోక వేటకు పోతే అది సప్తవ్యసనాలలో ఒకటి. అందుకని కవులు తరచు ఒక ఉపాయం చేస్తారు. ఎఱుకులో చెంచులో కానుకలతో కొలువుకు వచ్చి, పందులూ జింకలూ పంటలు పాడుచేస్తున్నాయి ప్రభూ అని మొర పెట్టుకుంటారు. అప్పుడు వేట వ్యసనం కాదు, ధర్మం. పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని అంకితమిచ్చినది మన నంద్యాల కృష్ణరాజుకే. ఆ రాజు కొలువులోనూ ఇటువంటి మొరలు వినబడే ఉంటాయి.

ఇప్పటి చట్టంలో కూడా ఈ మొరకు చోటుంది. పదకొండవ సెక్షన్ అదే. ప్రాణానికో, చేతిలోని పైరుతో సహా ఆస్తికో ముప్పుగా మారిన జంతువును వేటాడటానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయా పట్టికను బట్టి ఆయన అధికారమిచ్చిన ఉద్యోగి గాని కారణాలు చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ప్రబంధంలో మొర విన్న తర్వాతి పద్యంలోనే రాజు గుఱ్ఱమెక్కుతాడు. ఇక్కడ అర్జీ ఒక బల్ల నుంచి మరొక బల్లకు పోయేలోగా పంట పంది కడుపులో పడుతుంది. మా పెదనాయనకు మందు కూరే నాటు తుపాకి ఉండేది. 1959 నాటి ఆయుధ చట్టం పంట రక్షణ కోసమని అటువంటి తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చునంది. ఆయన ఏడాదికి నాలుగుసార్లు పేల్చేవాడేమో, అందులో మూడు గాలిలోకే. నేటి రైతు ఏం చేస్తున్నాడు? రాత్రిపూట చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నాడు. తీగకు పంది ఎవరో, పక్క చేని పాలేరు ఎవరో తెలియదు. నాటు బాంబు నమిలి దవడ పగిలిన ఆవును నా కళ్లతో చూశాను. సీజనూ లేని, లెక్కా లేని వేట అంటే ఇదే. పట్టపగలు నిషేధించినది చీకట్లో ఏడాది పొడుగునా నడుస్తోంది.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. మొక్కజొన్న ఎప్పుడు పాలు పడుతుందో, వేరుశనగ ఎప్పుడు ఊరుతుందో ప్రతి ఊరికీ తెలుసు, వ్యవసాయ శాఖకూ తెలుసు. పారువేటలో స్వామి ఏ రోజు ఏ ఊళ్లో ఉంటాడో ముందే నిర్ణయమై ఉంటుంది, ఎవరూ అర్జీ పెట్టుకోనక్కరలేదు. అలాగే కొండపాదపు ఊళ్లకు పంట నెలలను బట్టి ముందుగానే ఒక పట్టిక వేసి, ఆ నెలల్లో అర్జీకి ఇన్ని రోజుల్లో జవాబు ఇస్తామని, కొట్టవలసి వస్తే శిక్షణ పొందిన మనుషులను తామే పంపుతామని అధికారులు ప్రకటించవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కరలేదు. కావలసినదల్లా ఒక పంచాంగం.

మా అల్లుడికి ఇదంతా తిరిగి వచ్చేటప్పుడు కారులో చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "అక్కడ పందులకు అసలు నియమమే లేదు మామా, ఇక్కడ నియమం తప్ప ఇంకేమీ లేదు" అన్నాడు. వారం తర్వాత వెళ్లిపోయాడు.

మాఘమాసంలో రుద్రవరం వైపున్న నా మిత్రుడి ఊరికి పల్లకి వచ్చిందని తెలిసి దర్శనానికి వెళ్లాను. ఊరంతా స్వామి ముందే ఉంది. అతను మాత్రం కనబడలేదు. ఇంట్లో అడిగితే, చేని దగ్గర మంచె మీద ఉన్నాడన్నారు. మొక్కజొన్న కంకి అప్పుడే పాలు పట్టింది. ప్రసాదం దొన్నెలో తీసుకొని, టార్చిలైటు వేసుకుంటూ, కాలి కింద తీగ ఏదైనా ఉందేమోనని చూసుకుంటూ గట్టు వెంబడి నడిచి వెళ్లి ఇచ్చి వచ్చాను.