వంకర తోకదేనా?

కుక్క తోక వంకర అనే మాటను తెలుగువారు ఎంత ఇష్టంగా వాడుకొంటారో చెప్పనక్కరలేదు. మారని మనిషిని చూసినా, మాట వినని పిల్లవాణ్ణి చూసినా అదే నోటికి వస్తుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదనే నమ్మకం దాని వెనుక ఉన్నది. ఇంట పెంచుకొనే చిన్నజాతి కుక్కపిల్లకు ఈ నమ్మకం చేసిన అపకారం ఇంతా అంతా కాదు.

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో పెరడు గల ఇళ్ళు తగ్గి, అంతస్తుల మీద అంతస్తులుగా అపార్టుమెంట్లు వెలిశాయి. ఆ ఇళ్ళలోకి పామరేనియన్, పగ్, షిట్జూ, డాక్స్‌హండ్ వంటి చిన్నజాతి కుక్కలు వచ్చి చేరాయి. పామరేనియన్ అని ముద్దుగా పిలుచుకొనే వాటిలో చాలామటుకు నిజానికి ఇండియన్ స్పిట్జ్ జాతివి. చేతిలో ఇమిడే ఆ ప్రాణి వచ్చిన రోజున ఇంటిల్లిపాదికీ పండుగే. పది దినాలు గడిచేసరికి గచ్చు మీద మడుగు, మంచం కింద మలం, తివాచీ మీద మరక. దానితో పండుగ ముగిసి విచారణ ప్రారంభమవుతుంది. మెడ పట్టుకొని ముక్కును ఆ మడుగులో రాచేవారు కొందరు. పత్రికను చుట్టగా చుట్టి కొట్టేవారు కొందరు. ఏదీ ఫలించనప్పుడు “ఇది బాగుపడే జాతి కాదు” అని తీర్పు చెప్పి, చీకటి పడ్డాక ఊరి చివర వదలివచ్చేవారూ లేకపోలేదు.

ఈ తీర్పులో న్యాయమెంతో విచారించవలసి ఉన్నది.

శుచి అంటే ఏమిటో కుక్కకు బొత్తిగా తెలియదనుకోవడం పొరపాటు. పుట్టిన తొలి దినాలలో తల్లి నాకితేగాని పిల్ల మలమూత్రాలు విడువలేదు. ఆ నాకుడుతోనే తల్లి పక్కను శుభ్రంగా ఉంచుతుంది. మూడవ వారం దాటి కాళ్ళ మీద నడవడం చేతనయ్యాక, పిల్లలు తాము పడుకొనే చోటు విడిచి కొంచెం దూరం పోయి ఆ పని ముగించుకొంటాయి. వాటికి ఈ మర్యాదను ఏ మనిషీ నేర్పలేదు. ఎనిమిది, తొమ్మిది వారాల వయస్సుకు గడ్డి, మన్ను, కాగితం వంటి వాటిలో కాలికి ఏది అలవాటైతే దానినే వెదుక్కొనే స్వభావం కూడా ఏర్పడుతుంది. శిక్షణకు కావలసిన పునాది ఈ విధంగా ప్రకృతియే వేసి ఉంచింది. కుక్కపిల్లకు తెలియనిది ఒక్కటే: తన పక్క ఉన్న మూల మాత్రమే గాక, నాలుగు గదుల ఇల్లంతా పడకతో సమానమేనని. ఆ ఒక్క విషయం నేర్పవలసినవాడు యజమాని.

చిన్నజాతి విషయంలో మరొక చిక్కు ఉన్నది. ఎదిగిన పామరేనియన్ బరువే మూడు కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. దాని పిల్లకు మూత్రాశయం ఎంత ఉంటుంది? వయస్సు ఎన్ని నెలలో అన్నిటికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య, అది గరిష్ఠంగా ఓర్చుకోగల గంటలు అని ఒక స్థూలమైన లెక్క వాడుకలో ఉన్నది. ఆ ప్రకారం రెండు నెలల పిల్లకు మూడు గంటలు. చిన్నజాతి పిల్ల అంతసేపు కూడా ఓర్వలేకపోవచ్చు. నిద్ర లేవగానే, ఆట ముగియగానే, తిన్న పావుగంటకో అరగంటకో దానికి అవసరం కలుగుతుంది. ఆ వేళకు దానిని ఎత్తుకొని ఒకే స్థలానికి తీసుకుపోవాలి. పని ముగిసిన క్షణంలోనే మెచ్చుకోలుగా ఒక మాట, చిన్న తినుబండారం ఇవ్వాలి. మిగతా వేళల్లో కన్ను వేసి ఉంచాలి, లేదా చిన్న ఆవరణలో ఉంచాలి. టీకాలు పూర్తికాని పిల్లను వీధిలోకి తీసుకుపోతే పార్వో వంటి ప్రాణాంతక వ్యాధి సోకే ప్రమాదం ఉన్నది కనుక, అంతవరకు బాల్కనీలో పరచిన కాగితమే దాని స్థలం. తడిసిన చోటును ఫినాయిలుతో తుడిస్తే మనిషి ముక్కుకు వాసన పోతుందిగాని కుక్క ముక్కుకు పోదు. ఎంజైములు గల ద్రవంతో కడిగితేనే ఆ గుర్తు చెరిగిపోతుంది. శిక్షణ అంటే ఇంతే. ఇందులో కుక్క పాటించవలసిన నియమాలకన్న యజమాని పాటించవలసినవే ఎక్కువ.

పెద్ద కుక్క ఇల్లు పాడుచేస్తే ఆనాడే అందరూ మేల్కొంటారు. చిన్న కుక్క చేసిన మడుగు అరచేయంత. దానిని చూసీ చూడనట్లు గుడ్డతో అద్దేసి ఊరుకొంటారు. ఈ ఉపేక్ష మూడు నెలలు సాగిన తరువాత, స్థిరపడిన అలవాటుపై ఒక్కసారిగా ఆగ్రహం పుట్టుకొస్తుంది.

ఆ ఆగ్రహం కుక్కకు నేర్పేదేమిటి? ఉదయం జరిగిన దానికి సాయంకాలం పడిన దెబ్బ దేనికోసమో దానికి బోధపడదు. అప్పటికప్పుడు కొట్టినా, మనిషి కంటపడేటట్లు మూత్రం విడవడం ప్రమాదమని మాత్రమే గ్రహిస్తుంది. అందుచేత సోఫా వెనుకకో బీరువా చాటుకో పోతుంది. బయటకు తీసుకుపోయినా యజమాని ఎదుట కూర్చోవడానికి జంకుతుంది. దీనికే ఆయన మొండితనమని పేరు పెడతాడు. భయం ముదిరిన పిల్ల యజమాని దగ్గరకు వస్తేనే తడుపుకొంటుంది. అప్పుడు దానికి మరొక దెబ్బ.

“తప్పు చేశానని దానికి తెలుసు, ఆ ముఖం చూడండి” అని వాదించేవారున్నారు. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే అమెరికా పరిశోధకురాలు ఈ విషయాన్నే పరీక్షకు పెట్టారు. యజమాని తినవద్దని చెప్పి గది దాటిపోయాక, కొన్ని కుక్కలు తిన్నవి, కొన్ని తినలేదు. తినని కుక్కలు కూడా తిన్నాయని ఒక్కొక్కసారి యజమానులకు చెప్పారు. చెవులు వాల్చి, చూపు తప్పించే ఆ దోషి ముఖం తప్పును బట్టి రాలేదు. కోప్పడితేనే వచ్చింది. ఆజ్ఞ మీరకుండానే తిట్లు తిన్న కుక్కలలో అది మరింత స్పష్టంగా కనిపించింది.

ఈ ఫలితం కుక్కలు పెంచేవారికంటె బడిపంతుళ్ళకు ఎక్కువ ఉపయోగించవచ్చు. బాలుణ్ణి కుక్కతో పోల్చడం అవమానమని ఎవరైనా అంటే ఆ మాట న్యాయమే. బాలునికి భాష ఉన్నది, వివేచన ఉన్నది, తన పక్షాన చెప్పుకోగల నోరున్నది. కాని పోలిక ఆ ఇద్దరికీ కాదు, వారిపై లేచే చేతులకు. తల వంచుకొని నిలబడిన పిల్లవాడి ముఖంలో పశ్చాత్తాపం చదువుకొని తృప్తిపడే ఉపాధ్యాయుడు, అక్కడ ఉన్నది కేవలం భయమేమోనని ఒక్కసారి సందేహించవలె. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం బెత్తాన్ని తీసివేయగలదు. దాని స్థానంలో ఓర్పునూ, వేళకు అందే ప్రశంసనూ ఉంచగలవాడు ఉపాధ్యాయుడొక్కడే.

పూర్వం ఇంత తతంగం లేకుండానే కుక్కలు బతకలేదా అని అడగవచ్చు. బతికాయి. ఆనాటి కుక్క అరుగు కింద పడుకొని, పొలం గట్టున తిరిగింది. దానిని నాలుగవ అంతస్తుకు ఎక్కించి తలుపు వేసినవాడు మనిషి. వేసిన తలుపును వేళకు తెరవడం కూడా అతని ధర్మమే. జంతువును కొట్టి హింసించడమూ, ఆకలి దప్పులకు వదలివేయడమూ 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరాలు. అయితే మొదటి తప్పుకు ఆ చట్టం విధించే జరిమానా పది రూపాయలకు తగ్గదు, యాభైకి మించదు. ఆ భయంతో ఆగేవారు అరుదు. కనుక ఆగవలసింది కొనడానికి ముందే. పగలంతా తాళం వేసి ఉండే ఇంట్లో, మూడు గంటలకొకసారి పిల్లను ఎత్తుకొనే చేయి లేనప్పుడు, దానిని తెచ్చుకోకపోవడమే దయ. తెచ్చుకొన్నవారు మాత్రం గడియారం చూడడం నేర్చుకొన్నాకనే దాని తోక వంకర గురించి మాట్లాడవలె.