పీఎఫ్ క్లెయిమ్ రిజెక్ట్.. తప్పు పీఎఫ్ ఆఫీసుదా? కంపెనీదా?

ఉద్యోగం మానేశారు. ఇంట్లో పెళ్లి ఉందనో, ఆస్పత్రి ఖర్చు వచ్చిపడిందనో పీఎఫ్ డబ్బుల కోసం ఆన్‌లైన్‌లో క్లెయిమ్ పెట్టారు. కొన్ని రోజులకు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.. క్లెయిమ్ రిజెక్టెడ్. కారణం చూస్తే పేరులో తేడా, లేదంటే తండ్రి పేరులో తేడా. అదీ కాకపోతే ఉద్యోగం మానేసిన తేదీ ఎక్కలేదు. వెంటనే నోటికొచ్చే మాట ఒకటే.. పీఎఫ్ ఆఫీసోళ్లు తిప్పించుకుంటున్నారని.

కొంతవరకు నిజమే కావచ్చు. కానీ కేంద్ర కార్మిక శాఖ 2025 జనవరిలో బయటపెట్టిన లెక్క చూస్తే కథ ఇంకోలా ఉంది. 2024-25లో వివరాలు సరిచేయాలంటూ కంపెనీల ద్వారా ఈపీఎఫ్ఓకు వచ్చిన దరఖాస్తులు 8 లక్షలు. వీటిలో 5 రోజుల్లోపు కంపెనీలు పైకి పంపినవి 40 శాతమే. దాదాపు 47 శాతం 10 రోజులు దాటాకే కదిలాయి. కంపెనీ దగ్గర పట్టిన సగటు సమయం 28.4 రోజులు. అంటే పీఎఫ్ ఆఫీసు గడప తొక్కకముందే ఆ దరఖాస్తు దాదాపు నెల రోజులు కంపెనీ లాగిన్‌లోనే పడి ఉందన్నమాట. ఈపీఎఫ్ఓకు సభ్యులు చేసే ఫిర్యాదుల్లో సుమారు 27 శాతం ఈ ప్రొఫైల్, కేవైసీ గొడవలేనని కూడా అప్పుడే చెప్పారు.

చేరిన రోజే పడే ముడి

అసలు తప్పు ఎక్కడ పుడుతోంది? ఉద్యోగంలో చేరిన మొదటి రోజు. ఆధార్, పాన్ జిరాక్సులు ఇస్తారు, ఫారం నింపుతారు. పెద్ద కంపెనీలో అయితే హెచ్ఆర్ వాళ్లు ఎక్కిస్తారు. చిన్న యూనిట్లో అయితే అకౌంటెంటో, బయటి కన్సల్టెంటో. టెన్త్ మెమోలో ఇంటి పేరు ముందు ఉంటుంది. ఆధార్‌లో చివర ఉంటుంది. పాన్‌లో ఇంటి పేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో. ఇంకొన్ని చోట్ల ఇంటి పేరు ఒక్క అక్షరంగా మిగిలిపోతుంది. వెంకటేశ్వర్లు అనే పేరును ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాయొచ్చో తెలుగు ఇళ్లలో ఎవర్నడిగినా చెబుతారు. పెళ్లయ్యాక ఇంటి పేరు మారిన మహిళల విషయంలో ఇంకో మెలిక.. తండ్రి పేరు ఉండాల్సిన గడిలో భర్త పేరు పడుతుంది. మనకు అందరూ ఒకే మనిషి. కంప్యూటర్‌కి మాత్రం వేర్వేరు మనుషులు.

విచిత్రం ఏంటంటే ఈ తప్పులతో డబ్బు జమ ఆగదు. ఉద్యోగి వాటా 12 శాతం కట్ అవుతూనే ఉంటుంది, కంపెనీ తర్వాతి నెల 15లోపు కడుతూనే ఉంటుంది, పాస్‌బుక్‌లో అంకెలు పెరుగుతూనే ఉంటాయి. అంతా బాగుందనిపిస్తుంది. డబ్బు తీసే రోజున తప్పు బయటపడుతుంది. అప్పటికి ఆ వివరాలు ఎక్కించిన వ్యక్తి ఏ కంపెనీలో ఉన్నాడో కూడా తెలియదు. పైగా అడ్వాన్సు క్లెయిముల్లో మనిషి ప్రమేయం లేకుండా ఆటోమేటిక్‌గా సెటిల్ చేసే పరిమితిని 2025 జూన్‌లో లక్ష రూపాయల నుంచి 5 లక్షలకు పెంచారు. మంచిదే. కానీ మెషిన్‌కి మొహమాటం ఉండదు, రికార్డు సరిపోతేనే డబ్బు.

మానేసిన తేదీ.. కంపెనీ చేతిలో తాళం

రెండో గొడవ ఉద్యోగం మానేసిన తేదీ. దాన్ని ఎక్కించాల్సింది పాత కంపెనీ. కొందరు మర్చిపోతారు. ఫైనల్ సెటిల్‌మెంట్ తేలేదాకా ఉద్దేశపూర్వకంగానే పక్కన పెట్టేవాళ్లూ ఉన్నారు. చాలామందికి తెలియని విషయం.. చివరి పీఎఫ్ జమ అయిన నెల నుంచి 2 నెలలు గడిస్తే ఉద్యోగే ఆధార్ ఓటీపీతో ఆ తేదీ నమోదు చేసుకోవచ్చు. కంపెనీ కాళ్లు పట్టుకోవాల్సిన పని లేదు. అయితే తొందరపడి తప్పు తేదీ కొట్టకూడదు. కొత్త ఉద్యోగంలో చేరిన తేదీ, పాతది మానేసిన తేదీ ఒకదాని మీద ఒకటి పడితే బదిలీ దగ్గర చిక్కు వచ్చేది. ఆ ఒక్క కారణంతో ట్రాన్స్‌ఫర్ క్లెయిములు తిరస్కరించొద్దని 2025 మేలో ఈపీఎఫ్ఓ తన ఆఫీసులకు చెప్పాల్సి వచ్చింది.

పాస్‌బుక్‌లో 1,250 కనిపిస్తోందా?

అన్నింటికన్నా తిక్క సమస్య పెన్షన్‌ది. 2014 సెప్టెంబర్ 1 తర్వాత తొలిసారి పీఎఫ్‌లో చేరి, చేరేనాటికే పీఎఫ్ లెక్కలోకి వచ్చే జీతం 15,000 రూపాయలు దాటిన వారికి పెన్షన్ ఖాతా వర్తించదు. కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌లోనే పడాలి. కొన్ని కంపెనీలు అలవాటుగా అందరికీ ఒకే లెక్క కొట్టేశాయి. 15,000లో 8.33 శాతం అంటే 1,250 రూపాయలు. అలాంటి ఉద్యోగి పాస్‌బుక్‌లో పెన్షన్ గడి దగ్గర నెలనెలా 1,250 కనిపిస్తోందంటే అనుమానించాల్సిందే. అంతకుముందే పెన్షన్ పథకంలో ఉన్నవారైతే అది సరైన లెక్కే. దీన్ని ఉద్యోగి సొంతంగా సరిచేసుకోలేడు. కంపెనీయే తప్పు ఒప్పుకుని, పెన్షన్‌లోకి వెళ్లిన డబ్బును పీఎఫ్‌కి మార్పించాలి. తప్పు ఒప్పుకోవడమే ఇక్కడ కష్టం.

రూల్స్ మారాయి.. కానీ పాతవాళ్ల సంగతి?

2025 జనవరిలో వచ్చిన మార్పు పెద్దదే. 2017 అక్టోబర్ 1 నుంచి ఆధార్ ఆధారంగా యూఏఎన్ పొందినవారు పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, చేరిన తేదీ, మానేసిన తేదీ లాంటివి తామే సరిచేసుకోవచ్చు. పత్రాలు అక్కర్లేదు, కంపెనీ ఆమోదమూ అక్కర్లేదు. 2025 ఆగస్టు నుంచి కొత్త యూఏఎన్‌లు ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీసుకునే పద్ధతి వచ్చింది. పేరు నేరుగా ఆధార్ నుంచే వస్తుంది కాబట్టి టైపింగ్ తప్పులకు చోటు తగ్గింది. ఆధార్‌లోనే తప్పుంటే మాత్రం ఆ తప్పే ఇక్కడికీ వస్తుంది.

మిగిలింది అంతకుముందు చేరినవారు. వాళ్ల వివరాలు సరిచేయాలంటే ఇప్పటికీ కంపెనీ లాగిన్ కదలాల్సిందే. ఎక్కువ ఏళ్లు పనిచేసిందీ, ఖాతాలో ఎక్కువ డబ్బు ఉండేదీ, రిటైర్మెంట్‌కి దగ్గరపడుతున్నదీ వాళ్లే. సౌకర్యం మాత్రం ముందు కొత్తవాళ్లకి దక్కింది. కంపెనీ మూతపడితే గెజిటెడ్ అధికారి, నోటరీ లాంటివారితో ధ్రువీకరించిన ఫారం పట్టుకుని పీఎఫ్ ఆఫీసుకే వెళ్లాలి.

కంపెనీలు ఎందుకు ఆలస్యం చేస్తాయన్నది అసలు ప్రశ్న. అందరూ కావాలని చేయరు. పీఎఫ్ పత్రాలపై సంతకం పెట్టే అధికారి మానేస్తాడు, కొత్తవారి డిజిటల్ సంతకం రిజిస్టర్ చేయించరు.. అంతే, ఆ కంపెనీలో అందరి దరఖాస్తులూ ఒకేసారి ఆగిపోతాయి. ఇంకో కారణం భయం లేకపోవడం. పీఎఫ్ డబ్బు ఆలస్యంగా కడితే కంపెనీకి ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిపైన నెలకు 1 శాతం చొప్పున జరిమానా పడుతుంది. అందుకే 15వ తేదీ వచ్చేసరికి అకౌంట్స్ సెక్షన్ ఉరుకులు పెడుతుంది. ఉద్యోగి దరఖాస్తు నెల రోజులు లాగిన్‌లో పడి ఉంటే మాత్రం అలా రోజులు లెక్కపెట్టే మీటరేదీ తిరగదు. 28.4 రోజులు అనే అంకె వెనకున్నది సాఫ్ట్‌వేర్ లోపం కన్నా ఇదే.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. వారానికోసారి లాగిన్‌లో పెండింగ్ చూసే బాధ్యత ఒక మనిషికి అప్పజెప్పడం, చేరిన నెలలోనే యూఏఎన్ వివరాలు ఉద్యోగికి చూపించి సరేననిపించుకోవడం, ఆఖరి రోజున ఐడీ కార్డు వెనక్కి తీసుకునేటప్పుడే మానేసిన తేదీ ఎక్కించడం. ఇంతే పని.

ఉద్యోగి బతికుండగా ఇది ఆఫీసుల చుట్టూ తిరుగుడుతో పోతుంది. సర్వీసులో ఉండగా చనిపోతే ఆ తిరుగుడు భార్య మీద పడుతుంది. ఈడీఎల్ఐ కింద గరిష్ఠంగా 7 లక్షల వరకు బీమా, పెన్షన్, పీఎఫ్.. మూడూ ఆ రికార్డు మీదే ఆధారపడి ఉంటాయి. పెళ్లికి ముందు చేరి, నామినీగా తల్లి పేరు రాసి, ఆ తర్వాత మళ్లీ ఆ పేజీ తెరవని వాళ్లు ఏ ఆఫీసులోనైనా ఉంటారు. పెళ్లయ్యాక ఆ పాత నామినేషన్ చెల్లదు, కొత్తది ఇవ్వాల్సిందే.

కంపెనీ పట్టించుకోకపోతే ఈపీఎఫ్ఐజీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. హెల్ప్‌లైన్ నంబర్ 14470. నెట్‌తో పని కాకపోతే ప్రతి నెలా 27న జిల్లాల్లో 'నిధి ఆప్కే నికట్' శిబిరాలు పెడతారు. ఆ రోజు సెలవైతే తర్వాతి పని దినాన. కంపెనీల ప్రతినిధులూ అక్కడికి రావచ్చు.. రికార్డుతో పాటు హెచ్ఆర్‌ని కూడా వెంటబెట్టుకెళ్లగలిగితే సగం పని అక్కడికక్కడే తేలొచ్చు.