పండ్ల పంపిణీ చాలు, పక్కన నిలబడే మనిషి కావాలి



మన రామగుండం ప్రాంతంలో సేవకు కొదవ లేదు. జయంతులకు పండ్లు, చలికాలంలో దుప్పట్లు, నాయకుల పుట్టినరోజులకు నోటుబుక్కులు. గోదావరిఖని చౌరస్తాలో ఫ్లెక్సీ, తెల్లారి పేపరు జిల్లా పేజీలో ఫొటో. ఒక్క దుప్పటిని ఆరుగురు పట్టుకుంటారు. కప్పుకోవలసిన ముసలమ్మ ఆ చేతుల వెనుక ఎక్కడో ఉంటుంది. ఇచ్చేవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, చలికి దుప్పటి అవసరమే. కానీ మన హాస్టల్ పూర్వ విద్యార్థులు కొందరు కలిసి ఒక చిన్న సేవాసంఘం పెట్టుకోవాలని అనుకుంటున్నారు. అది ఏం పని చేయాలో ముందే మాట్లాడుకుంటే మంచిదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. బాపు ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు కూలీ, అవ్వకు సంతకం రాదు. వాళ్లు నన్ను చదువుకోమన్నారు. కానీ ఏ గ్రూపు తీసుకోవాలో, దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు ఎట్లా పెట్టాలో, మీసేవలో ఆదాయ సర్టిఫికెట్ ఎప్పటిలోగా తీయాలో చెప్పగలిగేవాళ్లు ఇంట్లో గాని, వాడలో గాని లేరు. డిగ్రీ అయిపోయాక నేను చదివిన ప్రైవేటు కాలేజీ వాళ్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదు, డబ్బు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. బాపు రెండు రోజుల కూలి పోగొట్టుకుని వచ్చి, ఆఫీసు బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. మూడోసారి మన హాస్టల్ సీనియర్ ఒకన్న నా వెంట వచ్చాడు. ఆయన డబ్బేమీ కట్టలేదు. కుర్చీలో కూర్చుని, "ఆ మాట కాగితం మీద రాసివ్వండి సార్, సంక్షేమ శాఖ ఆఫీసులో చూపిస్తాం" అన్నాడు, అంతే. సాయంత్రానికి సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. ఆ రోజు ఆయన ఖర్చు బస్సు చార్జీ మాత్రమే!

మన సంఘం చేయవలసిన సేవ ఇటువంటిదని నా అభిప్రాయం.

ఇందులో కొత్తదేమీ లేదు. భాగ్యరెడ్డి వర్మ గారి పేరు మనం ఏటా సభల్లో వింటాం. ఆయన 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు వయసు 18 ఏళ్లు. ఆస్తిపాస్తులు లేని మనిషి. హరికథలతో జనాన్ని ఒకచోట చేర్చాడు. 1910లో ఇసామియా బజారులో, లింగంపల్లిలో దళిత పిల్లలకు బడులు తెరిచాడు. రాజభాష ఉర్దూ అయిన రాజ్యంలో ఆ పిల్లలకు తెలుగులో చదువు చెప్పించాడు. 1911లో మాన్య సంఘం ఏర్పడింది. చందాలతో నడిచిన ఆ బడులు పెరిగి పెరిగి 26 అయ్యాయి. తర్వాత వాటిని నిజాం ప్రభుత్వమే తీసుకుంది. ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగుదాం. ఆయన బడులు పెట్టి చూపించాడు గనుకనే, ఈ పిల్లలను చదివించవలసిన బాధ్యత సర్కారుదని ఒప్పుకోక తప్పలేదు.

ఎస్.ఆర్. శంకరన్ గారినీ తలచుకోవాలి. ఐఏఎస్ అధికారిగా ఉంటూ సొంత జీతం నుండి పేద పిల్లలను చదివించాడు. అంతటితో తృప్తిపడి ఉంటే పదిమందికో ఇరవైమందికో మేలు జరిగేది. కానీ సాంఘిక సంక్షేమ గురుకులాలు రావడానికి కృషి చేశాడు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నాడు. మన దగ్గర పండ్లు పంచినవారికి శాలువా తప్పదు మరి!

"హాస్టల్ నడపవలసింది ప్రభుత్వం, మధ్యలో మీ సంఘం ఎందుకు?" అని విద్యార్థి ఉద్యమంలో తిరిగే నా మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం మెస్ చార్జీలను 40 శాతం పెంచింది. 8 నుండి 10వ తరగతి పిల్లలకు నెలకు 1,100 రూపాయలు ఉన్నది 1,540 అయింది. అంటే మూడు పూటలకు కలిపి రోజుకు 51 రూపాయల చిల్లర. విద్యార్థులు ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు. ఆ ఏళ్లలో దాతలే గుడ్లూ బియ్యమూ తెచ్చి లోటు పూడ్చి ఉంటే, అడిగే గొంతు మెత్తబడేది. కాబట్టి ప్రభుత్వం ఇవ్వవలసిన దాన్ని మనం దానంగా ఇవ్వవద్దు. పప్పు నీళ్లగా ఉందా? తేదీతో సహా రాసుకుని అధికారులకు ఇద్దాం. కానీ ఏ జీవోలోనూ లేనిది ఒకటుంది. ఆదివారం వచ్చి, "ఏరా, లెక్కలు ఎట్లున్నయి?" అని అడిగే అన్న కోసం ఏ శాఖలోనూ బడ్జెట్ ఉండదు.

మన కోల్‌బెల్ట్‌లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. నేడు 40 వేల దగ్గరికి వచ్చారు. చదువు అబ్బకపోయినా బాయి పని దొరుకుతుందన్న ధైర్యం మన తాతల కాలంలో ఉండేది. ఇప్పుడు పది తప్పినవాడికి మిగిలేది కాంట్రాక్టు పని, ఆటో, లేదా గల్ఫ్.

కనుక నా ప్రతిపాదన చిన్నది. పదిమంది పూర్వ విద్యార్థులు, ఒక్కొక్కరు నెలకు ఒక్క ఆదివారం. ఉద్యోగం ఉన్నవాళ్లే కానక్కర లేదు, ఇంటర్ చదివే తమ్ముడు ఎనిమిదో తరగతి వాడికి లెక్కలు చెప్పగలడు. ఒక నోటుబుక్కులో ప్రతి పదో తరగతి పిల్లవాడి పేరు, కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఉన్నాయో లేవో, ఆధార్, బ్యాంకు ఖాతా కలిశాయో లేదో రాసుకోవాలి. పది తర్వాత వాడు ఎక్కడ చేరాడో ఆగస్టులో మళ్లీ అడగాలి. చేరనివాడి ఇంటికి పోవాలి. చందా నెలకు 50 రూపాయలు చాలు. లెక్క ప్రతినెలా హాస్టల్ నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఫ్లెక్సీకి ఒక్క రూపాయి కూడా వద్దు.

వార్షికోత్సవం నాడు భోజనాలయ్యాక వరండాలో కూర్చుందాం. రాగలిగినవాళ్లు తమకు వీలయ్యే ఆదివారం ఏదో ముందే అనుకుని రండి.