అందఱి బావికి తాళమా?

ఊరందఱును గూడి త్రవ్విన బావికి ఒకడు గిలక బిగించి, కొన్నాళ్లకు తాళము వేసి, నీటికి సుంకమడిగినచో వానిని కార్యదక్షుడని మెచ్చుకొందుమా? సాఫ్టువేరు వర్తకమునందు మాత్రము అట్టివారికి సమర్థకులు కొఱవడుట లేదు.

రెడిస్ వృత్తాంతమును చూడుడు. సమాచారమును కంప్యూటరు మెమరీయందే నిలిపి అడిగినంతనే అందించు ఈ డేటాబేసును 2009లో ఇటలీ దేశీయుడగు సాల్వటోరె సాన్‌ఫిలిప్పో రచించి, దాని సోర్సు కోడును ఎల్లరకును విడిచిపెట్టెను. చదువవచ్చును, దిద్దవచ్చును, తమ సరకులో చేర్చి అమ్ముకొనవచ్చును. బీయెస్‌డీ లైసెన్సునకు అర్థమిదియే. ఎక్కడి ఇంజనీరుకో తన పనిలో ఒక లోపము తగులును. అతడు దానిని సవరించి పంపును. ఆ సవరణ తరువాతి కూర్పున అందఱకును చేరును. రెడిస్ క్రొత్తదనము ఇట్లు కూడినదే గాని, ఒక కార్యాలయపు నాలుగు గోడలనడుమ పుట్టినది కాదు. దానినాశ్రయించి ఒక కంపెనీ పెరిగి, ఆ పేరునే తన పేరుగా పెట్టుకొనెను. మూలభాగపు లైసెన్సు మాఱదని 2018లో చాటినదియు ఆ కంపెనీయే. 2024 మార్చిలో మార్చినదియు ఆ కంపెనీయే!

క్లౌడు వ్యాపారులు తమ కోడును నడిపి లాభములు గడించుచు తమకు తగిన ప్రతిఫలమీయలేదని దాని మొఱ. మేమా మొఱను త్రోసిపుచ్చము. అయినను అమెజాను ఉద్యోగులును ఆ కోడు వ్రాసినవారిలో నుండిరి గదా! అదియుగాక, లైసెన్సు ఇచ్చిన హక్కును వాడుకొన్నవానిని దొంగయనుట ఏ న్యాయశాస్త్రము?

ఇచ్చిన అనుమతి ఇచ్చినదే. పాత కూర్పులు పాత లైసెన్సు క్రిందనే నిలిచెను. వారము దాటి ఒక దినమైనదో లేదో, లినక్సు ఫౌండేషను నీడన వాల్కీ అను శాఖ వెలసెను. అమెజాను, గూగులు, ఒరాకిల్ దానిని బలపఱచెను. రెడిస్‌ను దిద్దుచుండిన చేతులు పెక్కు అటు మఱలెను. ఆ సెప్టెంబరుననే 8.0 కూర్పు వెలువడెను. తాళము బావికి పడినది గాని, ఊట ప్రక్కకు పొర్లిపోయినది.

2025 మేలో రెడిస్ ఏజీపీఎల్ లైసెన్సును చేర్చి మరల తలుపు తెఱచెను. మార్చిన కోడును నెట్‌వర్కుద్వారా ఇతరులకందించువారు ఆ మార్పులను వారికి చూపవలెనని ఆ లైసెన్సు శాసించును. క్లౌడు వ్యాపారులపై కంపెనీ మొఱకు పూర్తిగా కాకున్నను కొంతకు మందు అదియే. ఆ మందు 2007 నుండియు అందఱి యెదుటనే యున్నది. పదుమూడు నెలలకు పైగా తాళము వేసికొని కూర్చుండుట ఎవరి లాభమునకో కంపెనీ పెద్దలే చెప్పవలెను.