మొదటి ఇన్వర్టర్‌కు ట్రాన్స్‌ఫార్మర్ వద్దు!

పరీక్షల ముందు కరెంటు పోతే ఎంత చిరాకో మీకు తెలుసు. పక్కింట్లో ఇన్వర్టర్ ఉంటే వాళ్ల ఫాను తిరుగుతూనే ఉంటుంది. మీలో ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్నవారికి అప్పుడొక ఆలోచన వస్తుంది: "బ్యాటరీ, రెండు ట్రాన్సిస్టర్లు, ఒక ట్రాన్స్‌ఫార్మర్! మనమే చేసుకుంటే పోలా?"

మంచి ఆలోచనే. తప్పకుండా చేయండి. కాని మొదటి ఇన్వర్టర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టవద్దని నా అభిప్రాయం. నవ్వకండి, కారణం చెబుతాను.

ఇన్వర్టర్ చేసే పని ఏమిటి? బ్యాటరీ నుంచి ఒకే దిశలో వచ్చే విద్యుత్తును దిశ మారుతూ ఉండే ఏకాంతర విద్యుత్తుగా మార్చడం. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. అంటే ఒక్కో ఆవర్తనానికి 20 మిల్లీసెకన్లు. రెండు ట్రాన్సిస్టర్లు పదేసి మిల్లీసెకన్లు వంతులవారీగా పనిచేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఆ రెండు వంతులనూ కలిపి, 12 వోల్టులను 230 దాకా పెంచుతుంది. అసలు కీలకం ఆ వంతుల్లోనే ఉంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఎవరో గీసిన పటం చూసి నేరుగా పెద్ద ఇన్వర్టరే మొదలుపెట్టాను. రెండు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు కొని, 100 వాట్ల బల్బు తగిలించాను. బల్బు ఎర్రగా మిణుకుమంది. ట్రాన్సిస్టర్లు వేడెక్కి కాలిపోయాయి. లెక్క వేసి ఉంటే సంగతి కాగితం మీదే తెలిసేది! నూటికి 20 వంతులు నష్టమనుకుంటే, 100 వాట్ల కోసం బ్యాటరీ 125 వాట్లు ఇవ్వాలి. దాన్ని 12తో భాగిస్తే 10 ఆంపియర్లకు పైనే. ఆ స్థాయిలో 2ఎన్3055 వృద్ధి 5 దాకా పడిపోవచ్చు. అంటే దాని బేస్‌కే 2 ఆంపియర్లు అందాలి. నేను అందించినవి కొన్ని మిల్లీఆంపియర్లే! సగం తెరుచుకున్న ట్రాన్సిస్టర్ కాలిపోక ఏం చేస్తుంది?

డబ్బు పోయింది, నయం, ప్రాణం పోలేదు. 12 వోల్టుల బ్యాటరీయే కదా అని ధీమా పడతాం. ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఉన్నది 230 వోల్టులు. గోడలోని ప్లగ్గు ఎంత ప్రమాదమో అదీ అంతే. దాన్ని ఇంటి వైరింగుకు కలిపితే మరీ ఘోరం. కరెంటు వీధి తీగల్లోకి వెనక్కి పారి, లైను ఆపామని నమ్మి స్తంభమెక్కిన మనిషిని బలి తీసుకోవచ్చు.

మరి ఏం చేయాలి? నాలుగు టార్చి సెల్లులు (6 వోల్టులు), రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లు, రెండు 10 కిలో ఓముల నిరోధకాలు, రెండు 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు, 470 ఓముల నిరోధకాలతో రెండు ఎల్‌ఈడీలు తీసుకుని మల్టీవైబ్రేటర్ కట్టండి. ఫ్రాన్స్‌లో ఆబ్రహాం, బ్లాక్ అనే ఇద్దరు 1919లో రేడియో వాల్వులతో చేసి ప్రకటించిన వలయమే ఇది. నిరోధాన్నీ కెపాసిటీనీ గుణించి 0.7తో హెచ్చవేస్తే ఒక్కో వంతు కాలం వస్తుంది. ఇక్కడ అది 0.7 సెకను. దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. గడియారం పెట్టి లెక్కించండి.

ఇప్పుడు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, 15 కిలో ఓముల నిరోధకాలు వేయండి. వంతు సుమారు 10 మిల్లీసెకన్లు అవుతుంది. రెండు దీపాలూ ఆగకుండా వెలుగుతున్నట్టే ఉంటాయి. చీకట్లో బోర్డును అటూ ఇటూ ఊపి చూడండి. వెలుగు గీత ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. అదే మీ ఇన్వర్టర్ గుండె!

"మరి చదువుకు వెలుతురో?" అంటారా? 12 వోల్టుల ఎల్‌ఈడీ బల్బును బ్యాటరీకే తగిలించవచ్చు. 12ను 230 చేసి, ఆ బల్బు లోపల మళ్లీ తగ్గించుకోవడం రెండు సార్లు నష్టం.

పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. లెక్కలు పట్టుబడ్డాక, ఫ్యూజు వేసుకుని, తెలిసిన పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరకు వెళ్లండి. అప్పుడు తాగేది పాలే!