వెనక్కి తిప్పి చూశారా?

మా శాలిబండ సందులో ఆపా అంటే తెలియనివారు లేరు. మగ్గం పని చేస్తారు. 2005లో చీటీ ఎత్తిన డబ్బుతో ఆమె ఒక హోమ్ థియేటర్ కొన్నారు. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, మూలన పెద్ద వూఫర్, మధ్యన డీవీడీ ప్లేయర్ కలిసి ఉన్న పెట్టె. ఇప్పటికీ గదంతా దద్దరిల్లేలా మోగుతుంది. గోడ మీద పల్చటి టీవీ మాత్రం తర్వాత వచ్చింది.

2013లో కూతురి పెళ్లి చేశారు. వీడియో తీసినతను అది బ్లూ-రే డిస్కులో ఇచ్చాడు. ఇంట్లో పెట్టెలో వేస్తే 'నో డిస్క్' అని వచ్చింది. మరుసటి ఏడే ఆపా భర్త పోయారు. ఆయన నడక, మాట, నవ్వు అన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. అది బీరువాలోనే ఉండిపోయింది.

ఈమధ్య కూతురు చికాగో నుంచి వస్తూ ఒక బ్లూ-రే ప్లేయర్ తెచ్చింది. కొడుకు ఒక దుకాణంలో అడిగొచ్చాడు. "పాత సెట్టుకి హెచ్‌డీఎంఐ లేదు, మొత్తం తీసేసి కొత్తది కొనాల్సిందే" అన్నారట. "ఇంత డబ్బు ఎక్కడిది బేటీ?" అని ఆపా నా దగ్గర కూర్చున్నారు.

నేనేమీ ఇంజినీరును కాను. కానీ ఆ పెట్టె వెనక ఏముందో ఆ ఇంట్లో ఎవరూ చూడలేదని మాత్రం అర్థమైంది. రోజూ దుమ్ము తుడిచేది మనం, కొనడానికి చీటీ కట్టేది మనం, వైర్ల సంగతి వచ్చేసరికి మాత్రం 'నీకు తెలియదులే, పక్కకి జరుగు'! ఇద్దరం టార్చిలైటు పట్టుకుని పెట్టెను వెనక్కి తిప్పాం. వైర్ల మధ్య చిన్న చదరపు మూత, పక్కనే 'ఆప్టికల్ ఇన్' అని అక్షరాలు. సగం పని అక్కడే అయిపోయింది.

విషయం ఏమిటంటే, బొమ్మా మాటా ఒకే దారిలో పోనక్కర్లేదు. ప్లేయర్ నుంచి హెచ్‌డీఎంఐ వైరు నేరుగా టీవీకి వెళ్తే బొమ్మ వస్తుంది. ఇంకో సన్నటి ఆప్టికల్ వైరు ప్లేయర్ నుంచి పాత పెట్టెకు వెళ్తే మాట వస్తుంది. ఆ వైరులో నడిచేది కరెంటు కాదు, వెలుగు. మూసీ దాటి కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే కొన్ని వందల్లో దొరికింది.

కొన్ని ప్లేయర్లకు ఆప్టికల్ బదులు కోయాక్సియల్ అనే ఒంటి గుండ్రటి రంధ్రం ఉంటుంది. కొన్నిటికి రెండూ ఉండవు. అప్పుడు టీవీ వెనక ఆప్టికల్ అవుట్ ఉందేమో చూసి, మాటను అక్కడి నుంచి తీసుకోవచ్చు. అందుకే కొనబోయేముందు మూడింటి వెనకవైపూ ఫోన్‌తో ఫొటో తీసుకుని దుకాణానికి వెళ్లండి. మీ దగ్గర ఇంకా పాత ట్యూబు టీవీయే ఉంటే మాత్రం ఈ ఉపాయం పారదు. పసుపు పిన్నుతో బొమ్మ పంపే బ్లూ-రే ప్లేయర్లకు కంపెనీల ఒప్పందాల ప్రకారం 2013తోనే కాలం చెల్లింది.

అమెరికా ప్లేయరుకు ఇంకో చిక్కు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. వెనక చీటీ మీద '100-240' అని ఉంటేనే ప్లగ్గు పెట్టండి. సినిమా డిస్కులకైతే ప్రాంతాల గొడవ కూడా ఉంది. అమెరికాది 'ఎ', దుబాయిది 'బి', మనది 'సి'. అన్న దుబాయి నుంచి తెచ్చిన ప్లేయర్లో ఇక్కడి డిస్కు ఆడకపోతే అది పాడైందని పారేయకండి. ఇంటి వీడియోలకు ఈ బాధ లేదు.

అన్నీ కలిపి మీట నొక్కాం. పెళ్లి పందిరి వచ్చింది. మాట ముందు స్పీకర్లలోనే వచ్చింది, వీడియో అతను రికార్డు చేసిందే అంతవరకు. కూతురు తెచ్చిన సినిమా డిస్కు వేసినా వెనకవి మూగగానే ఉన్నాయి. అరగంట తలబద్దలు కొట్టుకున్నాక ప్లేయర్ సెట్టింగుల్లో 'పీసీఎం' అని ఉన్నదాన్ని 'బిట్‌స్ట్రీమ్' చేస్తే వాన చప్పుడు వెనకనుంచి వచ్చింది. కొత్త సెట్లలో వినిపించే ట్రూ-హెచ్‌డీ లాంటి శబ్దం ఈ సన్న వైరులో రాదు, నిజమే. మామూలు డాల్బీ, డీటీఎస్ వస్తాయి. పన్నెండడుగుల గదికి అది చాలదనేవాళ్లు ముప్పై వేలు పెట్టి కొనుక్కోవచ్చు.

తర్వాత పెళ్లి డిస్కు మళ్లీ పెట్టాం. ఆయన పంక్తుల మధ్య తిరుగుతూ, "ఖుబానీ కా మీఠా అందిందా?" అని అందర్నీ అడుగుతున్నారు. ఆపా రిమోట్ అందుకుని శబ్దం పెంచారు.

ఆ డిస్కును మర్నాడే హార్డ్ డిస్కులోకి కాపీ చేయించాం. సోనీ 2025 ఫిబ్రవరిలో ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేసింది. ప్లేయర్లు చేసే కంపెనీలూ తగ్గిపోతున్నాయి. మీ ఇంట్లో ఇలాంటివి ఉంటే ఆలస్యం చేయకండి.

ఇక ఆపా మగ్గం దారాలు తెచ్చి వైరు వైరుకీ ఒక రంగు కట్టారు. టీవీది ఎరుపు, వెలుగు వైరుకి జరీ. మొన్న ఇల్లు సున్నాలు వేయించేటప్పుడు కొడుకు అన్నీ పీకి, "అమ్మీ, జరీది ఎక్కడ పెట్టాలి?" అని అడిగాడట.