చిన్న షాపుకి ఎంత వెబ్‌సైట్ కావాలి?

లిటిల్ ఇండియా (సింగపూర్): సైటు అంటే మాకు తెలిసింది సిమెంటు, ఇనుప చువ్వలు, క్రేన్లు. ఇప్పుడు సెరంగూన్ రోడ్డులో ఏ షాపుకెళ్లినా ఇంకో సైటు మాట వినబడుతోంది. కిరాణా కొట్టు, టైలర్ షాపు, బంగారం షాపు, ఇంటికి డబ్బు పంపే కౌంటర్... అందరికీ వెబ్‌సైట్ కావాలట. మంచిదే. కానీ అది ఎవరికోసం? ఆదివారం ఆ షాపుల్లో నిలబడేది మనమే కాబట్టి మన మాట కూడా చెప్పాల్సిన అవసరం ఉంది.

ఈ ఆలోచన ఊరికే పుట్టలేదు. 2020 ఏప్రిల్‌లో కరోనాతో డార్మిటరీల గేట్లు పడ్డాయి. మనం బయటికి రాలేకపోయాం, ఇక్కడి షాపులకు బేరం పడిపోయింది. వీధిలోకి వచ్చే జనాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో వ్యాపారులకు అప్పుడు అర్థమైంది.

సర్కారు సాయం కూడా ఉంది. చిన్న, మధ్యతరహా సంస్థలను డిజిటల్ దారి పట్టించే పథకం 2017లో మొదలైంది. 2018లో ప్రొడక్టివిటీ సొల్యూషన్స్ గ్రాంట్ వచ్చింది. దీని కింద అర్హత ఉన్న సంస్థకు ఖర్చులో 50 శాతం దాకా ఇస్తారు. స్థానికుల వాటా కనీసం 30 శాతం ఉండాలి. దరఖాస్తు పెట్టకముందే డబ్బు కట్టేస్తే గ్రాంటు రాదు. అయితే సగం గ్రాంటు వచ్చినా మిగతా సగం షాపాయన జేబులోంచే పోవాలి. పైగా ముందే ఆమోదించిన ప్యాకేజీల్లోంచే ఎంచుకోవాలి. అసలు చిక్కు ఇక్కడే. వంద గజాల స్థలానికీ వెయ్యి గజాల స్థలానికీ ఒకే ప్లాను గీస్తే ఇల్లు ఎలా ఉంటుంది?

మా పనిలో పునాది తవ్వకముందే మట్టి పరీక్ష చేస్తాం. వెబ్‌సైట్ చేసేవాళ్లు కూడా ఒక ఆదివారం షాపులో కూర్చుని, వచ్చినవాళ్లు ఏమడుగుతున్నారో రాసుకుంటే చాలు. ఈరోజు బంగారం గ్రాము ఎంత? వెయ్యి డాలర్లు పంపితే ఊళ్లో ఎన్ని రూపాయలు పడతాయి, చార్జీ ఎంత? ఎన్నింటిదాకా తీసుంటారు? గోంగూర పచ్చడి వచ్చిందా? ఈ నాలుగింటికీ మొదటి పేజీలోనే జవాబు దొరకాలి. తమిళం పక్కన నాలుగు తెలుగు ముక్కలుంటే మరీ మంచిది. తిరిగే బొమ్మలూ పాటలూ మన ప్రీపెయిడ్ కార్డు డేటాని తినెయ్యడానికే పనికొస్తాయి.

ఒకసారి మేం నలుగురం వెబ్‌సైట్‌లో టైము చూసుకుని, బస్సెక్కి గంట ప్రయాణం చేసి ఒక షాపుకి వెళ్లాం. షట్టరుకి తాళం ఉంది. టైము మారి చాలా రోజులైందట, సైట్‌లో మార్చినవాళ్లు లేరు. వారానికి ఒక్క సెలవు, అందులో సగం రోడ్డుపాలు. కట్టడం ఒక ఎత్తు, తర్వాత రోజూ చూసుకోవడం ఇంకో ఎత్తు. కాబట్టి షాపులో పనిచేసే కుర్రాడు ఫోన్లోంచే రేటు, టైము మార్చుకునేలా ఉండాలి.

ఇంకో ముఖ్యమైన విషయం, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్‌తో చిన్న వ్యాపారులకు ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో మూసేసింది. ప్రొఫైల్ ఉంది, సైట్లు పోయాయి. అద్దె స్థలంలో మేడ కడితే అంతే. వెబ్‌సైట్ పేరు షాపు పేరు మీదే రిజిస్టరు కావాలి, పాస్‌వర్డ్ యజమాని దగ్గరుండాలి. చేసిపెట్టినవాడు ఊరు మారితే షాపు పేరు కూడా అతనితో వెళ్లిపోకూడదు కదా.

మనవాళ్లకు ఒక హెచ్చరిక. షాపు పేరుతో దొంగ సైటు పెట్టడం కష్టమేం కాదు. డబ్బు పంపే ముందు ఆ సంస్థకు లైసెన్స్ ఉందో లేదో సింగపూర్ ద్రవ్య ప్రాధికార సంస్థ (మాస్) జాబితాలో చూసుకోవాలి. 2023 ఫిబ్రవరి 21 నుంచి పేనౌకీ మన యూపీఐకీ లింకు కూడా కలిసింది కాబట్టి కౌంటర్ ఒక్కటే దిక్కు కాదు. రేటు దాచిపెట్టే షాపుకి ఇకముందు బేరం తగ్గడం ఖాయం.

చివరగా, మన డిప్లొమా కుర్రాళ్లు కొందరు రాత్రిళ్లు వెబ్ డిజైన్ నేర్చుకుంటున్నారు. నేర్చుకోండి, తప్పు లేదు. కానీ వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు పర్మిట్‌లో రాసిన కంపెనీకి తప్ప బయట పని చేయకూడదు, సొంత వ్యాపారం పెట్టకూడదు. మూడొందల డాలర్ల సైటు కోసం పర్మిట్ పోగొట్టుకుంటే ఏజెంటుకి కట్టిన అప్పు ఎవరు తీరుస్తారు? ఆ విద్య ఊరెళ్లాక అన్నం పెడుతుంది. ఇక్కడ మాత్రం షాపాయనకు మాట సాయం చేద్దాం. వచ్చే ఆదివారం సరుకు తీసుకునేటప్పుడు, "అన్నా, మీ సైట్‌లో టైము తప్పుంది" అని చెప్పి రండి. మనకొక బస్సు ప్రయాణం మిగులుతుంది, ఆయనకొక బేరం.